ఒప్పుకొన్న ఋణం, ఒప్పుకోని ఋణం



గౌతమీతీరంలోని ఒక అగ్రహారంలో కార్తికమాసపు సాయంకాలాలలో శివాలయ మంటపంలో పురాణప్రవచనం జరిగే సంప్రదాయం నేటికీ నిలిచి ఉన్నది. ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా ముప్పై సంవత్సరాలు పనిచేసి విరమించిన పెద్దలొకరు, ఊరంతా వారిని మాస్టారు అనే పిలుస్తుంది, ఆ సంవత్సరం హరిశ్చంద్రోపాఖ్యానాన్ని ప్రవచిస్తున్నారు. రాజ్యభ్రష్టుడైన రాజు దారాపుత్రులతో కాశికి కాలినడకన పోతుండగా నక్షత్రకుడు వెంట తగులుకొన్న ఘట్టం నడుస్తున్నది. అంతలో దేవాలయ కార్యాలయంలోని ఫోను మ్రోగింది. గుమాస్తా మంటపం మెట్ల దగ్గరకు వచ్చి, "మాస్టారూ, మీకేనటండీ. అత్యవసరమట" అన్నాడు.

అవతలి కంఠం ఎంత బిగ్గరగా ఉన్నదంటే, ముందు వరుసలో కూర్చున్న స్త్రీలకు ప్రతి అక్షరమూ వినబడింది. "నీ కొడుకు బాకీ సంగతేమిటి పెద్దాయనా? గుడిలో కూర్చుని పురాణాలు చెప్పుకుంటే తీరిపోతుందా?"

ఆ కొడుకు అప్పటికి నాలుగు నెలల క్రితం, ఆషాఢమాసంలో, హైదరాబాదులో రహదారి ప్రమాదంలో గతించాడు. ఇరవైతొమ్మిది సంవత్సరాల అవివాహితుడు. ఆ సంగతి ఫోను చేసినవానికి తెలుసు. తెలిసే చేశాడు. చివరగా అతడు అన్న మాట ఇది: "అప్పు తీర్చకుండా పోయినవాడికి గతులుండవు. శాస్త్రాలు చదివినవాడివి, నీకు నేను చెప్పాలా?"

మాస్టారు తిరిగివచ్చి పీఠంపై కూర్చున్నారు గాని, ఆనాటి ప్రవచనం ముందుకు సాగలేదు. హరిశ్చంద్రుని కథ మార్కండేయపురాణంలోనిది. అక్కడ ధనం కోసం విశ్వామిత్రమహర్షి స్వయంగానే వచ్చి రాజును నిలదీస్తాడు. శిష్యుడైన నక్షత్రకుణ్ణి వెంట పంపడం తెలుగువారి హరిశ్చంద్రకథలలో ప్రసిద్ధికెక్కింది. ఎంత ప్రసిద్ధమంటే, వదలక వేధించేవాణ్ణి నక్షత్రకుడనడం మన పల్లెలలో అక్షరం రానివారికి సైతం అలవాటు. ఆ రాత్రి ఊరిలో ఆ మాటే నాలుగిళ్ళలో వినిపించింది.

బ్యాంకువారు అడుగుతున్నది క్రెడిట్ కార్డు బాకీ, 2,14,600 రూపాయలు. అప్పటికి ఇరవై రోజులుగా మాస్టారి సొంత ఫోనుకు పిలుపులు వస్తూనే ఉన్నాయి. వారు ఇంట్లో చెప్పలేదు. దేవాలయానికి వచ్చిన పిలుపుతో ఇక దాచేందుకు ఏమీ మిగలలేదు.

ఇక్కడ సాధకులు గమనించవలసిన విషయం ఒకటున్నది. మాస్టారిని కలచివేసింది అవమానం కాదు, ధనమూ కాదు, గతులను గురించిన ఆ ఒక్క మాట. మానవుడు మూడు ఋణాలతోనే జన్మిస్తాడని, బ్రహ్మచర్యంతో ఋషిఋణం, యజ్ఞంతో దేవఋణం, సంతానంతో పితృఋణం తీరుతాయని తైత్తిరీయసంహిత చెబుతున్నది. ఈ లోకంలోను, పరలోకంలోను, ఆపైనున్న మూడవ లోకంలోను అనృణులమై ఉండాలన్న ప్రార్థన అథర్వవేదంలో ఉన్నది. యక్షుడు ధర్మరాజును సుఖించేవాడెవడని అడిగినప్పుడు వచ్చిన సమాధానంలో, అప్పు లేనివాడై, పరదేశంలో లేనివాడై, తన ఇంట కూరాకు వండుకొని తినేవాడని ఉన్నది. ఇవన్నీ నోటికి వచ్చిన మనిషికి, చనిపోయిన తన బిడ్డ ఎక్కడో ఋణబద్ధుడై నిలిచిపోయాడన్న భావన ఎంత దారుణమో వేరే చెప్పనక్కరలేదు. భక్తుని భక్తినే కొరడాగా చేసి కొట్టడం ఈ కాలపు వసూలువిద్యలో ఒక భాగం. ఆ కొరడాకు శాస్త్రజ్ఞుడే ముందుగా లొంగుతాడు, ఎందుకంటే అతనికి సగం వాక్యం చాలు, మిగిలినది తానే పూర్తి చేసుకొంటాడు.

మరునాటి ఉదయం భార్య చేతి గాజులు అమ్మి కట్టివేయాలని మాస్టారు నిశ్చయించుకొన్నారు. ఆ మాట ఆమెతో చెప్పారు.

ఆమె వెంటనే గాజులు తీసి పీటమీద పెట్టింది. "గాజులదేముందండీ, ఇచ్చేద్దాం. కాని వాడు అంత అప్పు దేనికి చేశాడో నాకు తెలియాలి. తెలిశాకే ఇద్దాం" అన్నది.

పెద్ద చదువులేమీ లేని ఆ ఇల్లాలి మాటలో వ్యవహారధర్మమంతా ఇమిడి ఉన్నది. మాస్టారు అల్మరాలో నుంచి యాజ్ఞవల్క్యస్మృతిని, దానిపై విజ్ఞానేశ్వరుని మితాక్షరను దించారు. ఆ మితాక్షరనే పదమూడవ శతాబ్దంలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయమనే పేరుతో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. అప్పుసప్పుల ధర్మం తెలుగువానికి తెలుగులోనే తెలియాలన్న తలంపు ఇప్పటిది కాదు.

పదునెనిమిది వివాదపదాలలో మనుస్మృతి మొట్టమొదట పేర్కొన్నది ఋణాదానమే. అప్పును తిరిగి రాబట్టుకొనే మార్గాలు ఐదని మనువు చెప్పాడు: ధర్మం, వ్యవహారం, ఉపాయం, ఆచరితం, చివరిది బలం. బలం అన్న మాట అక్కడ ఉన్నది, లేదని చెప్పడం అసత్యమవుతుంది. మన స్మృతులలో సర్వమూ సౌమ్యంగానే ఉన్నదని నేటివారికి నచ్చజెప్పే వ్యాసాలు అనేకం వస్తున్నాయి. వాటివల్ల శాస్త్రానికి గౌరవం పెరగదు. అయితే యాజ్ఞవల్క్యుడు ఒక విశేషణాన్ని చేర్చాడు. ఉత్తమర్ణుడు తానుగా రాబట్టుకొన్నందుకు రాజు అతణ్ణి తప్పుపట్టరాని సందర్భం ఒక్కటే, ఆ ఋణం ప్రపన్నమైనప్పుడు, అనగా అప్పుపడినవాడు ఒప్పుకొన్నప్పుడు. ఒప్పుకోని ఋణం వివాదం. వివాదం తేలవలసినది రాజసభలో, లిఖితం, భుక్తి, సాక్షులు అనే ప్రమాణాలతో. అంతవరకు అడిగేవాని కంఠం ఎంత పెద్దదైనా దానికి ప్రామాణ్యం లేదు.

ఇంకా చదివితే మాస్టారికి తమ ప్రశ్నకు నేరుగా సమాధానం దొరికింది. తండ్రి అప్పు కొడుకు తీర్చవలసి ఉంటుంది, అదైనా జూదానికి, మద్యానికి, కామానికి చేసినదైతే అక్కరలేదు. కాని కొడుకు చేసిన అప్పును తండ్రి తీర్చనక్కరలేదు. తల్లీ తీర్చనక్కరలేదు. దీనికి ఒకే ఒక మినహాయింపు: కుటుంబం కోసం చేసినదైతే తీర్చాలి.

మాస్టారు ఆ మినహాయింపు దగ్గర ఆగలేదు. అప్పుడు ఆగవలసిన కారణం వారికి కనబడలేదు.

అదే వీథిలో ఒక జాతీయ బ్యాంకులో పనిచేసి విరమించిన వారి పూర్వశిష్యుడున్నాడు. అతడు వచ్చి నేటి చట్టం చెప్పాడు. తండ్రి అప్పు కొడుకు తీర్చాలన్న పుణ్యబాధ్యతను సైతం 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టం, ఆపైన చేసిన అప్పుల విషయంలో న్యాయస్థానాలు గుర్తించకుండా చేసింది. గతించినవాని అప్పు అతడు విడిచిన ఆస్తి మేరకే వారసులకు చుట్టుకొంటుంది, వారి సొంత సొమ్ముకు కాదు. "ఇంకొక సంగతి మాస్టారూ, అవివాహితుడైన మగవాడు పోతే మొదటి తరగతి వారసురాలు తల్లి. తండ్రిది రెండవ తరగతి. అబ్బాయి ఖాతాలోది అమ్మగారికే వచ్చింది కదా. అడిగితే ఆమెను అడగాలి, అదీ ఆ మేరకే. మిమ్మల్ని కాదు" అన్నాడు.

రిజర్వు బ్యాంకు నియమాలనూ అతడే వివరించాడు. 2022 ఆగస్టులో జారీచేసిన ఆదేశం ప్రకారం బాకీ వసూలు కోసం ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తరువాత ఫోను చేయరాదు. బెదిరించరాదు, పదిమందిలో అవమానించరాదు, బంధుమిత్రుల జోలికి పోరాదు. వసూలుకు వచ్చినవాడు బ్యాంకు ఇచ్చిన అధికారపత్రాన్ని, గుర్తింపుకార్డును చూపాలి. ఏజెంటు చేసిన పనికి బ్యాంకుదే బాధ్యత. కార్డు బిల్లును వినియోగదారుడు ప్రశ్నిస్తే, ఫిర్యాదు చేసిన 30 రోజులలోగా వివరణను, అవసరమైనచోట ఆధారపత్రాలను ఇవ్వాలి. అడగని కార్డును అంటగట్టి దానిపై రుసుములు వేస్తే, ఆ మొత్తాన్ని రద్దుచేయడమే గాక దానికి రెట్టింపు సొమ్మును అపరాధంగా చెల్లించాలి. ఇది వినగానే మాస్టారు మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం తీసి చూపించారు. ఉన్న అప్పును ఎంత మేరకు లేదన్నాడో, లేని అప్పును ఎంత మేరకు ఉన్నదన్నాడో, ఆ ఇద్దరికీ అంతకు రెట్టింపు దండన విధించాలని అక్కడ ఉన్నది. అప్పు ఎగవేతదారుకు ఎంత శిక్షో, దొంగ బిల్లు వేసినవానికీ అంతే. శిష్యుడు ఆ పుటను ఫోనులో ఫోటో తీసుకొన్నాడు.

ఆనాటి నుంచి మాస్టారు ప్రతి పిలుపునూ పంచాంగంలో ఆయా తిథుల ప్రక్కనే వ్రాయసాగారు. బహుళ తదియ, ఉదయం 6-10. చవితి, రాత్రి 9-25, మాట్లాడినవాడు పేరు చెప్పలేదు. వర్జ్యం, దుర్ముహూర్తం గడుల మధ్య ఈ వేళలు కూడా చేరాయి. "రాహుకాలం రోజుకు ఒక్కసారేగా వస్తుంది, వీళ్ళది నయం కాదండీ" అని ఇల్లాలు అన్నది. నాలుగు నెలల తరువాత ఆ ఇంట్లో వినిపించిన మొదటి పరిహాసం అది.

ఒక మధ్యాహ్నం ఏజెంటు స్వయంగా వచ్చాడు. పాతికేళ్ళవాడు, ఎండకు వాడిపోయి ఉన్నాడు. ఇల్లాలు అతనికి మజ్జిగ ఇచ్చింది. అతడు త్రాగకముందు ఒకలాగ, త్రాగిన తరువాత మరొకలాగ కూర్చున్నాడు. మాస్టారు అధికారపత్రం చూపమన్నారు. లేదు. బాకీ వివరం చూపమన్నారు. "నా దగ్గర కాగితమేమీ ఉండదండీ. పొద్దున్నే ఫోనులో పేరు, అమౌంటు వస్తాయి, అంతే. ఇది వసూలైతేనే నాకు డబ్బులు" అన్నాడు. గుడికి ఫోను చేసినది తాను కాదన్నాడు. అయి ఉండకపోవచ్చు. ఇట్టివారిలో చాలామంది తామే ఎవరికో కిస్తీలు కడుతున్నవారు. అంతమాత్రాన వారు పలికే దుర్భాష సహింపదగినది కాదు గాని, కోపాన్ని ఎవరిపై నిలపాలో తెలియడానికి ఈ స్పృహ ఉపకరిస్తుంది.

బ్యాంకుకు వ్రాసిన లేఖ ఒక పుటకు మించలేదు. మరణధ్రువీకరణ పత్రాన్ని జతచేసి, మూడు విషయాలు వ్రాశారు. మా కుమారుడు నిజంగా వాడుకొన్న సొమ్ము ఎంత ఉన్నా ఎగవేసే ఉద్దేశం మాకు లేదు. ఏ తేదీన ఎక్కడ ఎంత ఖర్చైనదో, దానిపై ఏయే రుసుములు ఎందుకు పడినవో తెలిపే పూర్తి పట్టిక పంపండి. అంతవరకు ఈ మొత్తాన్ని మేము ఒప్పుకోవడం లేదు, ఇకపై ఉత్తరప్రత్యుత్తరాలు లిఖితపూర్వకంగానే జరగాలి. లేఖను రిజిస్టరు తపాలాలో పంపి రసీదును పంచాంగంలో దాచారు.

రసీదు మాట వచ్చింది గనుక. అధమర్ణుడు కొంచెం కొంచెంగా చెల్లించినప్పుడల్లా ఆ మొత్తాన్ని పత్రం వెనుక వ్రాయాలని, లేదా ఉత్తమర్ణుడు తన చేవ్రాలుతో ఉపగతం, అనగా రసీదు, ఇవ్వాలని, ఋణం పూర్తిగా తీరగానే పత్రాన్ని చింపివేయాలని యాజ్ఞవల్క్యుని విధి. భద్రాచల రామదాసు చరిత్ర మనకు తెలిసినదే. ఆరు లక్షల మొహరీలను రామోజీ, లక్ష్మోజీలు తానీషాకు చెల్లించి ఊరకే వెళ్ళలేదు. రసీదు వ్రాయించుకొని, చెరసాలలో నిద్రిస్తున్న గోపన్న తలక్రింద ఉంచి వెళ్ళారని పెద్దలు చెబుతారు. తిరుమలేశుడు కుబేరునివద్ద అప్పు తీసుకొన్నప్పుడు పత్రం వ్రాసి ఇచ్చాడని, బ్రహ్మరుద్రులు సాక్షులుగా ఉన్నారని వేంకటాచల మాహాత్మ్య కథ. దేవుని అప్పుకే పత్రమూ సాక్షులూ ఉన్నప్పుడు, కాగితం చూపమని అడగడం అవిశ్వాసమూ కాదు, మొండితనమూ కాదు.

పుష్యమాసంలో పట్టిక వచ్చింది. తొమ్మిది పుటలు. పూర్వశిష్యుడు, మాస్టారు, ఇల్లాలు ముగ్గురూ వసారాలో కూర్చుని ఒక్కొక్క పంక్తీ చదివారు. అబ్బాయి వాడుకొన్న అసలు 71,300 రూపాయలు. తక్కినదంతా వడ్డీ, ఆలస్యరుసుము, ఆ రుసుముపై పన్ను, ఆ పన్నుపై మరల వడ్డీ. అతడు ఎన్నడూ కోరినట్లు ఆధారం లేని ఒక బీమా పథకపు వాయిదా నెలనెలా పడుతూ వచ్చింది. అతడు పోయిన తరువాత కూడా పడింది. కార్డు వార్షికరుసుము శ్రావణంలో పడింది. అడిగిన మొత్తం మూలధనానికి మూడు రెట్లు దాటింది. ఒకమారు తీసుకొనే వడ్డీ అసలుకు సమానమై మొత్తం రెట్టింపుకు చేరగానే ఆగిపోవాలని మనువు చెప్పిన నియమం నేటి బ్యాంకుల లెక్కలకు చెల్లదు. అయినా ఆ నియమపు ఛాయ మన నేలమీద అప్పుడప్పుడు తిరిగి కనబడుతూనే ఉన్నది. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మఋణ సంస్థల వేధింపులు దుర్భరమైనప్పుడు చేసిన చట్టంలో వడ్డీ అసలును మించరాదన్నారు. వసూలు ఇంటి గడపలో గాక గ్రామపంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలో జరగాలన్నారు. వ్యవసాయపు పనులు సాగే వేళ కర్షకుణ్ణి అప్పుకై పట్టరాదన్న కౌటిల్యుని మాటకు ఇది దూరపు బంధువు.

ఖర్చుల పట్టికలో బస్సు టిక్కెట్లు, సరుకులు, ఒక జత బూట్లు ఉన్నాయి. నాలుగవ పుటలో, పైనుంచి ఆరవ పంక్తి: కాకినాడ, కంటి ఆసుపత్రి, 38,000 రూపాయలు.

అంతకు పూర్వం సంవత్సరం మాఘంలో మాస్టారికి కుడికంటి శుక్లం తీశారు. ఖరీదైన కటకం వేయించాడు అబ్బాయి. ఎంతైందిరా అని అడిగితే, "మా ఆఫీసు ఇన్సూరెన్సు ఇస్తుంది నాన్నా, మీరు ఆ సంగతి వదిలెయ్యండి" అన్నాడు. ఆఫీసు ఇవ్వలేదు. కార్డు గీశాడు. ఆపైన నెలనెలా కొంత కడుతూ, ఎంత కట్టినా వడ్డీలోనే పోతుంటే, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మాస్టారు ఆ పంక్తిని రెండుసార్లు చదివారు. పట్టికను ఇల్లాలి చేతికిచ్చి లేచి పెరటిలోకి వెళ్ళారు. ఆమెకు అంకెలు చదవడం వచ్చు, తేదీ చూసి గ్రహించింది. వసారాలో శిష్యుడు ఒక్కడే చాలాసేపు కూర్చున్నాడు.

తిరిగివచ్చి మాస్టారు అన్న మాట ఒక్కటే. "కుటుంబార్థం. ఇది నాది."

ముప్పైఎనిమిదివేలు వారు తమ పింఛనులో నుంచి ఇచ్చారు. చట్టం అడగకపోయినా స్మృతి అడిగింది, స్మృతి అడగకపోయినా ఇచ్చేవారే. మిగిలిన 33,300 రూపాయలను, అబ్బాయి జీవించి ఉన్నంతవరకు లెక్కకు వచ్చిన వడ్డీ 2,140 రూపాయలను, తల్లి తనకు వచ్చిన అతని నిలువలోనుంచి ఇచ్చింది. ఈ 73,440 రూపాయలు ముట్టినట్లు బ్యాంకు రసీదు ఇచ్చింది. తక్కినదానిని ఒప్పుకోవడం లేదని కారణాలతో వ్రాశారు. ముప్పై రోజులు గడిచినా సమాధానం రాలేదు గాని, ఫోనులు వచ్చాయి. అప్పుడు రిజర్వు బ్యాంకు 2021లో ఏర్పరచిన సమీకృత అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు వెళ్ళింది. రుసుము లేదు, వకీలు అవసరం లేదు. పంచాంగపు పుటల నకళ్ళు జతపడ్డాయి, బహుళ తదియ ఉదయం 6-10తో సహా. పిలుపులు ఆ వారంలోనే ఆగిపోయాయి.

చిత్రమేమంటే ఈ నెలలన్నిటిలోను మాస్టారు గతులను గురించి మరల భయపడలేదు. భయంతో గాజులు అమ్మి 2,14,600 చెల్లించి ఉంటే, ఆ సొమ్ములో కొడుకు చేసిన అప్పేదో, తమకోసం చేసిన అప్పేదో, ఎవరో కల్పించిన అప్పేదో తెలియకుండానే పోయేది. ఏది తీర్చారో తెలియనప్పుడు అనృణత్వం ఎవరికి వచ్చినట్లు?

ఆ కార్తికంలో ఆగిపోయిన ఘట్టాన్ని మాస్టారు మాఘమాసంలో ఒక సోమవారం నాడు, ఎవరూ అడగకుండానే, శివాలయంలో పూర్తిచేశారు. నక్షత్రకుణ్ణి గురించి ఆనాడు దూషణమేమీ చేయలేదని విన్నవారు చెప్పారు.

చైత్రంలో బ్యాంకు నుంచి లేఖ వచ్చింది. వివాదాస్పదమైన రుసుములన్నీ రద్దైనవని, ఈ ఖాతాలో ఇక బాకీ ఏమీ లేదని అందులో ఉన్నది. స్మృతివిధి ప్రకారం మాస్టారు పట్టికను చింపడానికి కూర్చున్నారు. ఎనిమిది పుటలు చింపారు. నాలుగవ పుటను మడిచి మితాక్షరలో, ఋణాదానప్రకరణం దగ్గర ఉంచారు. ఇల్లాలు చూసింది, అదేమిటని అడగలేదు.